నెట్ రాని క్లాసులో డిజిటల్ పాఠం: ఒక పీరియడ్‌ని ఎలా నడపాలి?

"బడికి డిజిటల్ ప్యానెల్ వచ్చింది సార్, దాంతో ఏం చెయ్యాలి?" "వీడియో వేస్తే పిల్లలు కదలకుండా చూస్తున్నారు, మర్నాడు అడిగితే ఒక్కరూ చెప్పట్లేదు." "మా ఊళ్ళో సిగ్నలే సరిగా రాదు, ఇంక డిజిటల్ పాఠం ఎక్కడ?" తోటి టీచర్లు మళ్ళీ మళ్ళీ అడిగేవి ఈ మూడే. మూడింటికీ కలిపి ఒక పద్ధతి రాస్తున్నాను. ఇందులో ముఖ్యమైన సంగతి ఒక్కటే: తెర మీద జవాబు కనిపించే ముందే ప్రతి విద్యార్థీ తన జవాబు నోట్సులో రాసి ఉండాలి. అది జరగకపోతే ఎంత ఖరీదైన ప్యానెల్ ఉన్నా పిల్లలకు మిగిలేది కాలక్షేపమే.

ఉదాహరణకి పదో తరగతి విద్యుత్ పాఠం తీసుకుందాం. అందులోనూ ఒకే ముక్క: రెండు బల్బుల్ని శ్రేణిలో (ఒకే దారిలో ఒకదాని తర్వాత ఒకటి) కలిపితే ఏమవుతుంది, సమాంతరంగా (దేని దారి దానికి ఉండేలా) కలిపితే ఏమవుతుంది. పాఠం మారినా అడుగులు మారవు.

ఏమేం కావాలి

- ఐఎఫ్‌పీ ప్యానెల్ (వేలితో తాకి నడిపే పెద్ద తెర), స్మార్ట్ టీవీ, ప్రొజెక్టర్, వీటిలో ఏదో ఒకటి. ఏదీ లేకపోతే ఒక ల్యాప్‌టాప్. అదీ లేకపోతే మీ ఫోన్‌తో నడిపే దారి కింద రాశాను.
- 16 లేదా 32 జీబీ పెన్‌డ్రైవ్. అందులో మీ సొంత ఫోటోలు, ఆఫీసు కాగితాలు ఉండకూడదు. పాఠాలకే వాడండి.
- ఫెట్ సిమ్యులేషన్. అమెరికాలోని కొలరాడో విశ్వవిద్యాలయం 2002 నుంచి తయారు చేస్తున్న ఈ ప్రయోగాలు ఉచితం. తెర మీద వేలితో కదిపి చెయ్యవచ్చు.
- పిల్లలకి పలకలు. లేకపోతే ఎ, బి, సి, డి అక్షరాలు పెద్దగా రాసిన నాలుగు కాగితపు ముక్కలు.
- రెండు టార్చి బల్బులు, రెండు సెల్స్, కాస్త వైరు. ఇవి కరెంటు పోతే పనికొస్తాయని మాత్రమే చెప్పట్లేదు, అసలు పాఠంలోనే కావాలి.

అడుగు 1: ఒక్క ప్రశ్న ఎంచుకోండి

"విద్యుత్ పాఠం డిజిటల్‌గా చెప్తాను" అనుకుంటే 45 నిమిషాల పీరియడ్ చాలదు. పిల్లలు ఎక్కడ తప్పు అనుకుంటారో ఆ చోటు పట్టుకోండి. ఈ పాఠంలో ఆ చోటు ఇది: శ్రేణిలో రెండు బల్బులుంటే మొదటి బల్బు కరెంటును కొంత "తినేస్తుంది", అందుకని రెండోది తక్కువ వెలుగుతుంది అనుకుంటారు. బాగా చదివే పిల్లలు కూడా ఇలాగే అంటారు. సూత్రం అడిగితే తప్పు లేకుండా అప్పజెప్తారు, లెక్క కూడా చేసేస్తారు, మనసులో మాత్రం కరెంటు దారిలో కొంచెం కొంచెం తరిగిపోతూనే ఉంటుంది.

మీ సబ్జెక్టులో అలాంటి చోటు ఎక్కడుందో తెలుసుకోవాలంటే నిరుటి జవాబు పత్రాలు తిరగేయండి. ఎక్కువమంది ఒకేలా తప్పు రాసిన ప్రశ్నే మీ డిజిటల్ పాఠానికి సరైన ప్రశ్న.

అడుగు 2: ముందురోజే దించుకోండి

నెట్ ఉన్నచోట, ఇంట్లోనో నెట్ సెంటర్లోనో కూర్చుని ఈ పని చేసుకోండి.

ఫెట్ సైట్‌లో "సర్క్యూట్ కన్‌స్ట్రక్షన్ కిట్: డీసీ" అనే సిమ్యులేషన్ తెరవండి. అనువాదాల జాబితాలో తెలుగు ఉంటే అదే తీసుకోండి. లేకపోతే ఇంగ్లీషుదే చాలు, ఇందులో మాటల కంటే బొమ్మల పనే ఎక్కువ. డౌన్‌లోడ్ గుర్తు నొక్కితే మొత్తం ప్రయోగం ఒకే హెచ్‌టీఎంఎల్ ఫైలుగా వస్తుంది. దాన్ని పెన్‌డ్రైవ్‌లో వేసుకుంటే నెట్ లేకుండానే బ్రౌజర్‌లో నడుస్తుంది.

పాఠ్యపుస్తకంలోని క్యూఆర్ కోడ్‌ల వీడియోలు కావాలంటే బడి పాఠాల ప్రభుత్వ యాప్ దీక్షతో స్కాన్ చేసి అక్కడే డౌన్‌లోడ్ చేసుకోండి. పుస్తకం నలిగిపోయి స్కాన్ కాకపోతే కోడ్ కింద ఆరు అక్షరాలు, అంకెలు కలిసిన వరుస ఉంటుంది, దాన్ని యాప్‌లో టైప్ చెయ్యండి.

ఇక్కడ చాలామంది పొరబడేది యూట్యూబ్ దగ్గర. యూట్యూబ్ యాప్‌లో డౌన్‌లోడ్ చేసిన వీడియో ఆ ఫోన్‌లో, ఆ యాప్‌లోనే ఆడుతుంది. దాన్ని పెన్‌డ్రైవ్‌లోకి తీసుకెళ్ళలేరు. క్లాసుకొచ్చాక ఈ సంగతి తెలిస్తే పీరియడ్ పోయినట్టే. వీడియోలు చూపాలనుకుంటే ఫోన్‌నే ప్యానెల్‌కి కలపాలి.

మీరు వర్క్‌షీటు టైప్ చేస్తుంటే యూనికోడ్ ఫాంటే (ఏ పరికరంలోనైనా తెలుగు తెలుగుగానే కనిపించే రకం) వాడండి. మండలి, రామభద్ర, నోటో సాన్స్ తెలుగు, గౌతమి ఏదైనా సరే. అను ఫాంట్లలో చేసిన పాత ఫైళ్ళు ఆ ఫాంట్లు లేని ప్యానెల్ మీద చదవడానికి రాని గీతలుగా కనిపిస్తాయి. ఏ ఫాంటులో చేసినా చివరికి పీడీఎఫ్‌గా మార్చి తీసుకెళ్ళండి. పవర్‌పాయింట్ ఫైలు మీ ల్యాప్‌టాప్‌లో ఒకలా, ప్యానెల్‌లో ఇంకోలా తెరుచుకుంటుంది. వత్తులు విడిపోయి పక్కకి జరిగితే పిల్లలు పాఠం మానేసి వాటినే చూస్తారు.

అడుగు 3: క్లాసులో ఒకసారి నడిపి చూడండి

పిల్లలు లేని సమయంలో పది నిమిషాలు చాలు. ఇవి చూసుకోండి.

పెన్‌డ్రైవ్‌ని ప్యానెల్ గుర్తిస్తోందా? గుర్తించకపోతే ఎన్‌టీఎఫ్‌ఎస్ ఫార్మాట్‌లో ఉందేమో చూడండి. కొన్ని ఆండ్రాయిడ్ ప్యానెళ్ళు దాన్ని చదవవు. ఫైళ్ళు పక్కన భద్రం చేసుకుని పెన్‌డ్రైవ్‌ని ఎక్స్‌ఫ్యాట్‌కో ఫ్యాట్32కో మార్చండి. ఫ్యాట్32 అయితే 4 జీబీ కంటే పెద్ద ఫైలు పట్టదు.

సిమ్యులేషన్ ఫైలు నొక్కితే ఖాళీ తెర వస్తోందా? "దేనితో తెరవాలి" అని అడిగినప్పుడు హెచ్‌టీఎంఎల్ వ్యూయర్ కాకుండా క్రోమ్ ఎంచుకోండి. అప్పటికీ రాకపోతే ఫైలును ప్యానెల్ సొంత మెమరీలోకి కాపీ చేసి తెరవండి.

చివరి బెంచీలో కూర్చుని చూడండి. అక్కడి నుంచి అంకెలు కనిపించకపోతే పెద్దవి చెయ్యండి. కిటికీ వెలుతురు తెర మీద పడుతుంటే ఆ పీరియడ్ వరకు ఒక రెక్క మూయించండి. ఫ్యాన్లు తిరుగుతుంటే శబ్దం వినిపిస్తోందో లేదో కూడా అప్పుడే తెలుస్తుంది.

ఫోన్‌ని ప్యానెల్‌కి కలిపేవాళ్ళకి ఒక హెచ్చరిక. కలిపే ముందు "డూ నాట్ డిస్టర్బ్" పెట్టండి. లేకపోతే మీ ఇంటి వాట్సాప్ మెసేజీలు, బ్యాంకు ఓటీపీలు క్లాసంతా చదువుతుంది. అలాగే అందరూ వాడే ప్యానెల్‌లో మీ జీమెయిల్‌తో లాగిన్ అయి వదిలేయకండి.

అడుగు 4: ముందు పిల్లల ఊహ రాయించండి (7 నిమిషాలు)

ఈ అడుగుని చాలామంది వదిలేస్తారు. పాఠం బలమంతా ఇక్కడే ఉంది, అందుకే కాస్త వివరంగా చెప్తాను.

ప్యానెల్ ఆన్ చెయ్యకండి. బోర్డు మీద సుద్దముక్కతో ఒక బ్యాటరీ, దానికి శ్రేణిలో రెండు ఒకేలాంటి బల్బులు గీయండి. ప్రశ్న రాయండి:

స్విచ్ వేస్తే ఏమవుతుంది?
ఎ) మొదటి బల్బు ఎక్కువ వెలుగుతుంది.
బి) రెండో బల్బు ఎక్కువ వెలుగుతుంది.
సి) రెండూ సమానంగా వెలుగుతాయి, ఒకే బల్బు ఉన్నప్పటి కంటే తక్కువగా.
డి) రెండూ సమానంగా వెలుగుతాయి, ఒకే బల్బు ఉన్నప్పటిలాగే.

రెండు నిమిషాలు ఎవరూ మాట్లాడకూడదు. ప్రతి ఒక్కరూ నోట్సులో ఒక అక్షరం, ఎందుకో ఒక వాక్యం రాయాలి. ఆ వాక్యం ముఖ్యం. అక్షరం ఊరికే వేసెయ్యొచ్చు, కారణం రాయాలంటే ఆలోచించాలి. తర్వాత "ఒకటి, రెండు, మూడు" అనగానే ఆ అక్షరం రాసిన పలకలు అందరూ ఒకేసారి ఎత్తాలి. ఒకరు ముందు ఎత్తితే మిగతావాళ్ళు క్లాసు ఫస్టు ఏది ఎత్తాడో చూసి దిద్దుకుంటారు.

ఏ అక్షరానికి ఎంతమంది అన్నది బోర్డు మూలన రాయండి. ఏది సరైనదో చెప్పకండి. మీ ముఖంలో కూడా తెలియనివ్వకండి, పిల్లలు పుస్తకం కంటే ముందు మన ముఖమే చదువుతారు. ఇప్పుడు పక్కవాళ్ళతో రెండు నిమిషాలు వాదించుకోమనండి. మళ్ళీ పలకలు ఎత్తించండి. హార్వర్డ్‌లో భౌతికశాస్త్రం చెప్పే ఎరిక్ మజూర్ 1991లో మొదలుపెట్టిన పద్ధతి ఇది. మొదటిసారి సుమారు 30 నుంచి 70 శాతం మంది సరిగ్గా చెప్పినప్పుడు ఈ చర్చ బాగా పనికొస్తుంది. అంతకంటే తక్కువైతే ప్రశ్నే పిల్లలకి అందలేదన్నమాట, ఇంకోలా అడగండి. అంతకంటే ఎక్కువైతే చర్చ లేకుండా ముందుకి వెళ్ళండి.

మీ దగ్గర నెట్ ఉంటే పలకల బదులు ప్లిక్కర్స్ కార్డులు వాడవచ్చు. ప్రతి విద్యార్థికీ ఒక నల్లటి గుర్తున్న కార్డు ఇస్తాం, తన జవాబు అక్షరం పైకి వచ్చేలా పట్టుకుంటారు, మీ ఫోన్ కెమెరా క్లాసంతా ఒకసారి తిప్పితే ఎవరు ఏం చెప్పారో నమోదవుతుంది. పిల్లల దగ్గర ఫోన్లు అక్కర్లేదు. కార్డులకి మెరిసే లామినేషన్ చేయించకండి, వెలుతురు పడి కెమెరా చదవలేదు. వేళ్ళు గుర్తు మీద పడకూడదని ముందే చెప్పండి. పేర్ల బదులు రోల్ నంబర్లే ఎక్కించండి. పిల్లల పేర్లు బయటి సైట్లలో పెట్టాల్సిన అవసరం మనకి లేదు.

అడుగు 5: ఇప్పుడు తెర (15 నిమిషాలు)

సిమ్యులేషన్‌లో బ్యాటరీ 9 వోల్టులతో, బల్బు 10 ఓమ్‌ల నిరోధంతో మొదలవుతాయి. మొదట ఒకే బల్బు కలపండి. కరెంటును కొలిచే అమ్మీటరు పెడితే 0.90 ఆంపియర్లు చూపిస్తుంది. ఆ వెలుగు గుర్తుపెట్టుకోమనండి. తర్వాత రెండో బల్బుని శ్రేణిలో కలపండి. రెండూ సమానంగా, మసకగా వెలుగుతాయి. అమ్మీటరు 0.45కి దిగుతుంది.

ఇక్కడ ఆగండి. "రెండు బల్బుల మధ్య అమ్మీటరు పెడితే ఎంత చూపిస్తుంది?" అని అడిగి, మళ్ళీ నోట్సులో రాయించి, అప్పుడు పెట్టండి. 0.45. రెండో బల్బు తర్వాత పెట్టండి. అక్కడా 0.45. తీగలో కదిలే నీలం చుక్కలు ఎక్కడ చూసినా ఒకే వేగంతో పోతుంటాయి. "కరెంటు తినేస్తుంది" అన్న పిల్లలు ఆ చుక్కల్నే చూస్తూ ఉండిపోతారు. ఒక నిమిషం మీరేమీ మాట్లాడకండి.

ఈ నీలం చుక్కల దగ్గర ఒక చిక్కు ఉంది. అవి ఎలక్ట్రాన్లు, రుణధ్రువం నుంచి ధనధ్రువానికి వెళ్తాయి. పుస్తకంలో కరెంటు దిశ ధనం నుంచి రుణానికి అని ఉంటుంది. ఒక్క పిల్లవాడైనా "ఇది తప్పు చూపిస్తోంది సార్" అంటాడు. ఆ పిల్లవాణ్ణి మెచ్చుకోండి. పక్కనే ఉన్న ఎంపిక మారిస్తే సంప్రదాయ విద్యుత్ దిశ బాణాలు కనిపిస్తాయి, రెండూ చూపించి తేడా చెప్పండి.

తర్వాత సమాంతర సంధానం. ఇక్కడ మీరు కలపకండి. ఒక అమ్మాయినో అబ్బాయినో పిలిచి, కూర్చున్నవాళ్ళు చెప్తుంటే కలపమనండి. తీగ తప్పు చోట కలిపి నేరుగా బ్యాటరీకి చుడితే తెర మీద బ్యాటరీ మంటలు చిమ్ముతుంది. నవ్వులు వస్తాయి, రానివ్వండి. ఆ వెంటనే గట్టిగా చెప్పాల్సిన మాట ఒకటుంది: ఇంట్లో ఇలాంటివి టార్చి సెల్‌తో తప్ప గోడ ప్లగ్గుతో ఎప్పుడూ చెయ్యకూడదు. సరిగ్గా కలిపాక ఒక్కో బల్బులో 0.90, బ్యాటరీ దగ్గరి తీగలో 1.80 వస్తుంది. తీగలు కలిసే చోటు (సంధి) నొక్కితే కత్తెర గుర్తు వస్తుంది, దాంతో ఒక బల్బుని విడదీయమనండి. రెండోది అలాగే వెలుగుతుంది. శ్రేణిలో ఇదే పని చేస్తే రెండూ ఆరిపోతాయి.

అడుగు 6: తెర ఆపి చేతికివ్వండి (10 నిమిషాలు)

ప్యానెల్ ఆపేసి టార్చి బల్బులు, సెల్స్ తియ్యండి. గుంపుకో జత ఉంటే మంచిది, లేకపోతే ఒక్క జతే ముందు బల్ల మీద పెట్టి వంతులవారీగా పిలవండి. తెర మీద సమాంతరంలో రెండో బల్బు కలిపినా మొదటి దాని వెలుగు తగ్గలేదు. అసలు సెల్‌తో చేస్తే కొంచెం తగ్గినట్టు కనిపించవచ్చు, సెల్ పాతదైతే ఇంకా ఎక్కువ. ఎందుకంటే నిజమైన సెల్‌కి లోపల కూడా కొంత నిరోధం ఉంటుంది, సిమ్యులేషన్ బ్యాటరీకి మనం పెడితే తప్ప ఉండదు. ఈ తేడా పిల్లలే పట్టుకునేలా వదిలేయండి. తెర చెప్పిందే వేదం కాదని పదో తరగతిలో తెలిస్తే అది జీవితాంతం ఉంటుంది.

అడుగు 7: నోట్సు, పదాలు

ద్విభాషా పుస్తకం తెరిపించి శ్రేణి సంధానం, సమాంతర సంధానం, నిరోధం, విద్యుత్ ప్రవాహం, వీటి ఇంగ్లీషు మాటలు పక్కపక్కనే రాయించండి. తర్వాత మొదట రాసిన ఊహ కింద "నేను ఇలా అనుకున్నాను, ఇలా తేలింది" అని రెండు వాక్యాలు. మొదటి జవాబు కొట్టేయనివ్వకండి. అది కనిపిస్తూ ఉండాలి.

వచ్చిందో లేదో తెలుసుకోవడం

"అర్థమైందా?" అంటే "ఆఁ సార్" అని కోరస్ వస్తుంది. దాన్ని లెక్కలోకి తీసుకోకండి. క్లాసులో చూపించని సందర్భం ఒకటి ఇవ్వండి. ఉదాహరణకి: దసరా పందిరికి కట్టిన సీరియల్ సెట్‌లో ఒక ముక్క మొత్తం ఆరిపోయింది, మిగతా ముక్కలు వెలుగుతున్నాయి. లోపల బల్బుల్ని ఎలా కలిపి ఉంటారు? బొమ్మ గీయండి. ముక్కలోని బల్బులు శ్రేణిలో, ముక్కలు ఒకదానికొకటి సమాంతరంలో ఉన్నట్టు గీసినవాళ్ళకి పాఠం వచ్చినట్టు. అన్నీ ఒకే వరుసలో గీసినవాళ్ళకి సగం వచ్చింది. వాళ్ళ చేత మళ్ళీ సిమ్యులేషన్‌లో కట్టించండి.

వారం తర్వాత మొదటి ప్రశ్ననే బల్బులు మూడు చేసి అడగండి. ఆ రోజు సరిగ్గా చెప్పినవాళ్ళు కొందరు పాత నమ్మకానికి తిరిగి వెళ్ళిపోయి ఉంటారు. ఇది మామూలే, అందుకే వారం ఆగి అడగాలి.

తరచుగా జరిగే పొరపాట్లు

వీడియో మొత్తం ఆపకుండా వెయ్యడం అన్నిటికంటే పెద్దది. మూడు నాలుగు నిమిషాలు దాటితే ఆపి ఒక ప్రశ్న అడగండి. ప్రశ్న అడగడానికి ఆపే చోట్లు ముందే కాగితం మీద రాసుకోండి.

వేగంగా చేసే ఇద్దరు ముగ్గురికే ప్యానెల్ అప్పగించడం ఇంకొకటి. వెనక బెంచీ వాళ్ళు ఏడాదంతా దాన్ని తాకకుండానే వెళ్ళిపోతారు. పిలిచినవారి రోల్ నంబర్లు గుర్తుపెట్టుకుంటే అందరికీ వంతు వస్తుంది.

ఫోన్ ఉన్న ఇళ్ళని బట్టి హోంవర్క్ ఇవ్వడం కూడా పొరపాటే. నాన్న ఫోన్ పనికి వెళ్తే రాత్రికి గానీ రాదు. గూగుల్ ఫామ్ ఇస్తే అదే ప్రశ్నలు కాగితం మీద కూడా ఇవ్వండి. వాట్సాప్ గ్రూపు పెడితే తల్లిదండ్రుల నంబర్లతో పెట్టి, అడ్మిన్లు మాత్రమే పోస్ట్ చేసేలా మార్చండి. ఆడపిల్లల నంబర్లు, ఫోటోలు గ్రూపుల్లో తిరగనివ్వకండి.

ప్రశ్నలు ఏఐతో తయారు చేయించుకునేవాళ్ళు ప్రతి జవాబూ స్వయంగా చేసి చూసుకోండి. తెలుగులో అడిగితే వాక్యం చక్కగా ఉండి భావం తప్పే ప్రశ్నలు వస్తుంటాయి.

ప్యానెల్ లేకపోతే, వేరే సబ్జెక్టయితే

ఫోన్ ఒక్కటే ఉంటే క్లాసుని ఐదారుగురి గుంపులుగా చెయ్యండి. ఒక గుంపు ఫోన్‌లో సిమ్యులేషన్, ఇంకో గుంపు సెల్స్‌తో ప్రయోగం, మిగతావాళ్ళు వర్క్‌షీటు. పది నిమిషాలకోసారి మార్చండి. నలభై మందికి ఒకేసారి ఫోన్ ఎత్తి చూపించడం వల్ల ఉపయోగం లేదు.

లెక్కల వాళ్ళకి తెర మీద బొమ్మలు గీసి కదిపే జియోజీబ్రా సాఫ్ట్‌వేర్ ఉంది. త్రిభుజం గీసి ఒక శీర్షాన్ని లాగుతుంటే మూడు కోణాలూ మారుతుంటాయి, మొత్తం 180 డిగ్రీలే ఉంటుంది. లాగే ముందు "మొత్తం పెరుగుతుందా, తగ్గుతుందా?" అని రాయించడం మర్చిపోకండి. సాంఘికశాస్త్రానికి ఇస్రో వారి భువన్ పటాల్లో మీ మండలం, మీ చెరువు చూపించండి. భాష చెప్పేవాళ్ళకి పిల్లల పుస్తకాల సంస్థ ప్రథమ్ బుక్స్ 2015లో మొదలుపెట్టిన స్టోరీవీవర్ సైట్‌లో తెలుగు కథలు ఉచితంగా దొరుకుతాయి. పీడీఎఫ్‌గా దించుకుని, సగం కథ దగ్గర పేజీ ఆపి, తర్వాత ఏమవుతుందో రాయించండి.

పీరియడ్ అయిపోయాక రెండు నిమిషాలు వెచ్చించి పెన్‌డ్రైవ్‌లోని ఆ పాఠం ఫోల్డర్‌లో ఒక చిన్న నోట్ పెట్టుకోండి: ఏ ప్రశ్న అడిగారు, మొదటిసారి ఎంతమంది సరిగ్గా చెప్పారు, చర్చ తర్వాత ఎంతమంది, ఎక్కడ సమయం చాలలేదు. పక్క సెక్షన్‌కి చెప్పే టీచర్‌కి ఫోల్డర్‌తో పాటు ఆ నోట్ కూడా ఇవ్వండి.